బోరు నీటి సున్నానికి భవనమంతటికీ సాఫ్ట్‌నర్ కావాలా?

మూడో_అంతస్తు: మా అపార్ట్‌మెంటుకు బోరు నీరే దిక్కు. నిన్న ప్లంబరు గీజరు నుంచి వచ్చే పైపు కోసి చూపిస్తే, ముప్పావు అంగుళం గొట్టంలో పెన్సిలు పట్టేంత సందే మిగిలింది. పక్కనున్న చన్నీటి పైపులో మాత్రం గోటితో గీకితే రాలే పలుచని పొర తప్ప ఏమీ లేదు. సంఘం వారు మొత్తం భవనానికి సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే యంత్రం) పెట్టిద్దామంటున్నారు. అవసరమా?

మీటరు_మాస్టారు: ముందు టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, ఎంతో చెప్పండి. మా ఇంట్లో 900 ఉండేది. సాఫ్ట్‌నర్ పెట్టించాక కూడా మీటరు 900 దగ్గరే నిలబడింది. డబ్బు దండగ.

నీటి_ప్లాంటు: మాస్టారు గారూ, సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని వాటికి బదులు సోడియం వదులుతుంది కనుక, కరిగిన లవణాల మొత్తం దాదాపు మారదు. పైపును పూడ్చేది ఆ మొత్తం కాదు. నీటిలోని కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, బొగ్గుపులుసు వాయువు బయటికి పోగా, కాల్షియం కార్బనేటు గోడకు అంటుకుంటుంది; పైగా ఇది పంచదారలా కాక, నీరు వేడెక్కినకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే వేడినీటి పైపే పూడింది. కఠినత్వం, క్షారత, పీహెచ్, ఉష్ణోగ్రత కలిపి చూడాలి. నీరు సున్నం పేరుస్తుందో లేదో అంచనా వేయడానికి లాంజెలియర్ 1936లో ఇచ్చిన సూచిక అందుకే.

మీటరు_మాస్టారు: సూచికలు నాకు తెలియవు. అమ్మినవాడు ఈ మీటరే చూపించి డబ్బు పట్టుకుపోయాడు.

నీటి_ప్లాంటు: అది అమ్మినవాడి మోసం, యంత్రం తప్పు కాదు.

రాత్రి_డ్యూటీ: గీజరు వేడి 70 డిగ్రీల నుంచి 50కి తగ్గించి చూడండి, పేరుకోవడం నెమ్మదిస్తుంది.

కింది_వాటా: శాస్త్రం సరే, నేనూ ఆ భవనంలోనే ఉంటున్నాను. మా ఇంట్లో గీజరే లేదు, కట్టెల పొయ్యి మీద కాచుకుంటాం. అయినా ఖర్చు సమానంగా పంచారు. సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ (కాల్షియాన్ని పట్టుకునే పూసలు) కడిగిన ఉప్పునీటిని మా గుమ్మం ముందున్న కొబ్బరి పాదుల్లోకి వదులుతామంటున్నారు. నా కోపం సున్నం మీద కాదు.

మూడో_అంతస్తు: ఈ మాట సమావేశంలో ఎందుకు అనలేదండీ?

కింది_వాటా: అన్నాను. అప్పుడు మీరంతా పైపు ముక్క చూస్తున్నారు.

నీటి_ప్లాంటు: గీజర్లకు వెళ్లే లైనుకే చిన్న యంత్రం పెట్టి, వాడుకునేవారే ఖర్చు భరించవచ్చు. ఉప్పునీరు మాత్రం మురుగు కాలువలోకే పోవాలి. చెట్లకు పోస్తే నేల పాడవుతుంది.

మీటరు_మాస్టారు: ఇంతకీ టీడీఎస్ ఎంతో ఇంకా చెప్పనే లేదు.