శాన్ హోసే రోజ్ గార్డెన్‌లో జనవరి సేవ: ఎవరెవరు వస్తున్నారు?

అందరికీ నమస్కారం. ఈసారి మన సంఘం సేవా కార్యక్రమం నేగ్లీ అవెన్యూలోని మునిసిపల్ రోజ్ గార్డెన్‌లో పెట్టుకుందాం. మేలో అయితే పూలుంటాయి, ఫొటోలు బాగా వస్తాయని చాలామంది అన్నారు. నేను మాత్రం జనవరే అంటాను. మేలో ఆ తోటకి జనం కొదవ ఉండదు. మనుషులు కావాల్సింది కొమ్మలు కత్తిరించే రోజుల్లో. వేల మొక్కలు, అన్నీ చేత్తో కత్తిరించాల్సినవే, అదీ చలికి మొక్క నిద్రపోయే ఆ కొద్ది వారాల్లోనే.

కొత్తవాళ్ళ కోసం: అది ఒకప్పుడు ప్రూన్ పళ్ళ తోట. 1927లో నగరం 11 ఎకరాలు కొని, ఐదున్నర ఎకరాలు గులాబీలకు ఇచ్చింది. 1931లో పని మొదలై, 1937లో ప్రారంభోత్సవం జరిగింది. తర్వాత నిధులు తగ్గి, పనివాళ్ళు తగ్గి, 2007 నాటికి తోట పాడుబడే స్థితికి వచ్చింది. అప్పుడు ఊరివాళ్ళే కత్తెరలు పట్టుకుని దిగారు. 2010లో ఆల్ అమెరికా రోజ్ సెలక్షన్స్ సంస్థ దాన్నే దేశంలో ఉత్తమ గులాబీ తోటగా ఎంపిక చేసింది. మూడేళ్ళలో! టికెట్ లేని తోట అది. మనం ఇవ్వగలిగింది పనే.

పని కష్టమేం కాదు, అక్కడి వాలంటీర్లు చూపిస్తారు. ముందు ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయాలి. మిగతావాటికి బయటివైపు చూసే కన్ను (కొమ్మ మీద కొత్త చిగురు మొలిచే చిన్న బుడిపె) వెతికి, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కోయాలి. కొత్త చిగురు బయటికి సాగి, మొక్క నడుమ గాలి ఆడుతుంది. గులాబీ ముల్లు మామూలు గ్లవ్స్‌లోంచి దిగిపోతుంది, మోచేతి దాకా వచ్చే తోలువి తెచ్చుకోండి.

– అక్కా, మేం నలుగురం వస్తాం. పిల్లలకి ఏం పని ఇస్తారు?

– కత్తెరలు వద్దు తమ్ముడూ. రాలిన ఆకులు ఏరిస్తే చాలు. నల్లమచ్చ తెగులు చలికాలమంతా ఆ ఆకుల్లో దాక్కుంటుంది, కాబట్టి అది చిన్న పనేం కాదు.

– కోసిన కొమ్మలు ఒకటి రెండు ఇంటికి తెచ్చి నాటుకోవచ్చా అండీ?

– వద్దండీ. కొత్త రకాలు చాలావాటికి పేటెంట్ ఉంటుంది, కొమ్మ నాటి పెంచడం కుదరదు. పైగా మన సంఘం పేరుతో వెళ్తున్నాం, వాళ్ళని అడగకుండా ఆకు కూడా తేవద్దు.

– మా అత్తయ్యగారు వస్తానంటున్నారు, కానీ వంగలేరు.

– తప్పకుండా తీసుకురండి వదినా. ఆకుల సంచులు తెరిచి పట్టుకోవడానికి మనిషి కావాలి.

తోటవాళ్ళు తేదీ చెప్పగానే ఇక్కడ పెడతాను. వచ్చేవాళ్ళు ఎంతమందో, కారులో ఎన్ని సీట్లు ఖాళీయో ఈ ఆదివారంలోగా రాయండి. వేసవిలో వాడిన పూలు కోసే పనికి కూడా వస్తామనేవాళ్ళు ఇప్పుడే చెబితే, ఆ మాట కూడా వాళ్ళకి చెప్తాను.