స్కోర్ గ్రీన్ చూపిస్తోంది, మనిషిని చూస్తే భయంగా ఉంది... మీ వార్డుల్లో ఏం చేస్తున్నారు?

స్టాఫ్‌నర్స్_హైదరాబాద్:
అందరికీ నమస్తే. మా మెడికల్ వార్డుల ఈమధ్య పరుపుల కింద సెన్సర్లు పెట్టిన్రు, పల్స్, ఊపిరి చూసి ఏఐ ఒక స్కోర్ వేస్తది, గ్రీన్ లేదా రెడ్. నాకు దానిమీద కోపం లేదు, నైట్ డ్యూటీల ముప్పై మందికి ఇద్దరమే ఉంటం కాబట్టి సాయమే. కానీ మొన్న ఒక పెద్దాయన స్కోర్ గ్రీనే, మనిషి మాత్రం సాయంత్రం నుంచి తేడాగా ఉన్నడు, బిడ్డ పిలిస్తే సరిగ్గ పలుకుతలేడు, చేతులు చల్లగ, యూరిన్ బ్యాగ్ నిండుతలేదు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే గ్రీన్ ఉంది కదా సిస్టర్ పొద్దున చూద్దాం అన్నరు, నేను వదలకుండ మళ్లీ చేసి పిలిపించిన, బీపీ పడిపోతుంది, ఐసీయూకి మార్చిన్రు. ఇప్పుడేమో సెన్సర్లు ఉన్నయ్ కదా నైట్‌కి ఒక స్టాఫ్‌ని తగ్గిస్తం అంటున్నరు. రేపేమన్నా అయితే కేస్ షీట్ల సంతకం నాదే కదా?

ఐసీయూ_గుంటూరు:
డాక్టర్ గారిని మళ్లీ పిలిచారు చూడండి, అదే డ్యూటీ సిస్టర్. పరుపు కింద సెన్సర్‌కి యూరిన్ తగ్గిందని ఎలా తెలుస్తుందండీ, చేతులు చల్లబడ్డాయని ఎలా తెలుస్తుంది? దానికి అందేది పల్సు, ఊపిరే, మిగతాదంతా మనం చూడాల్సిందే.

కాలిఫోర్నియా_ఆర్ఎన్:
మాది తెనాలే, ఇక్కడ పనిచేస్తున్నా. ఇక్కడ కూడా ఇదే గొడవండీ, 2024 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కైజర్ ఆసుపత్రి ముందు నర్సులు ఏఐ మీద నిరసన చేశారు, నర్సుల్ని నమ్మండి అని. ఊరికే భయపడి కాదు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ చేసే ఎపిక్ కంపెనీ వాళ్లకి సెప్సిస్‌ని, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడాన్ని, ముందే పసిగట్టే ఏఐ మోడల్ ఒకటుంది, దాన్ని మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు విడిగా పరీక్షించి 2021లో ఫలితాలు వేశారు, అడ్మిషన్లలో 18 శాతం మందికి అలర్ట్ ఇచ్చి కూడా సెప్సిస్ వచ్చిన వాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేదు, అంటే అనవసరంగా పరిగెత్తించేదీ అదే, అసలైన వాళ్లని వదిలేసేదీ అదే. కాకపోతే ఇక్కడ ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లో చట్టంలోనే ఉంది, ఐసీయూలో ఇద్దరికి మించి ఇవ్వకూడదు, మెడికల్ వార్డులో ఐదుగురు. సాఫ్ట్‌వేర్ కొన్నాం కాబట్టి ఆ లెక్క మార్చేస్తాం అంటే కుదరదు. మనవాళ్లకి ముందు కావాల్సింది అది.

నర్సింగ్_ట్యూటర్_విశాఖ:
ఏఐ అంతా చెడ్డదని మాత్రం అనుకోకండమ్మా. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో కన్సర్న్ అని ఒకటి చేశారు, అది నర్సు ఎన్నిసార్లు వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి) తీసింది, అడక్కపోయినా అర్ధరాత్రి ఎందుకు తీసింది, ఏం నోట్ రాసింది, అవన్నీ చూసి పేషెంట్ దిగజారుతున్నాడని చెప్తుంది. 2025లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో మరణాల ముప్పు 35.6 శాతం తగ్గింది. నర్సుకి అనుమానం వచ్చి రెండోసారి చూడటమే దానికి డేటా. మరి ఆ నర్సునే తగ్గించేస్తే అది దేన్ని చూసి చెప్తుంది?

స్టాఫ్‌నర్స్_హైదరాబాద్:
థాంక్యూ మేడమ్, ఈ మాటే ఇన్‌చార్జి సిస్టర్‌తోటి మీటింగ్‌ల చెప్పిస్త. ఇకనుంచి స్కోర్ ఎంతున్నా నేనేం చూసిన, ఎన్ని గంటలకి ఎవరికి ఫోన్ చేసిన, వాళ్లేమన్నరు అన్నీ టైం వేసి నోట్స్‌ల రాస్త. స్టాఫ్ తగ్గించకుండ ఆపగలిగినోళ్లు ఎవరన్నా ఉంటే, లెటర్ ఎట్ల రాసిన్రో ఇక్కడ పెట్టండి ప్లీజ్.