పాసు లేని అమ్మానాన్నలను గేటు దగ్గర ఆపేశాను. తప్పా?

బెల్లందూరు వాలంటీర్:
బెంగళూరులో ఉన్న మనవాళ్ళు చెప్పండి. మొన్న శనివారం మా ఆఫీసు ఫ్యామిలీ డే, వైట్‌ఫీల్డ్ వైపు ఒక కన్వెన్షన్ హాల్లో జరిగింది. హాలు 1,200 మందికి. ఫారం నింపినవాళ్ళకే క్యూఆర్ పాసు, ఉద్యోగితో పాటు ఇద్దరికి. గేటు డ్యూటీ నాది.

ఏడు దాటాక మా టీమ్‌లోని ఒంగోలు అబ్బాయి భార్య, పాప, అమ్మానాన్నలతో క్యాబ్ దిగాడు. అమ్మానాన్నలకు పాసు లేదు. అప్పటికే లెక్క 1,190 దాటింది. ఆపేశాను. "మేం ఇక్కడే బల్ల మీద కూచుంటాంలే నాయనా, మీరెళ్ళి రండి" అంది ఆ పెద్దావిడ. చేతిలో పాప స్వెట్టర్ మడిచి పట్టుకుని ఉంది. చివరికి ఐదుగురూ తిరిగి వెళ్ళిపోయారు. సోమవారం నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు.

మారతహళ్ళి బావ:
తప్పే. ఇద్దరు పెద్దవాళ్ళు వస్తే హాలు కూలిపోతుందా? కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడో చూద్దామని రాత్రంతా బస్సులో కూర్చుని వస్తారు. మన ఇళ్ళలో పెళ్ళికి 500 అనుకుంటే 700 మంది వస్తారు. ఎవరినైనా పొమ్మన్నామా? ఇంకో బంతి వేస్తాం, అంతే.

ఈవెంట్ల పనిలో 11 ఏళ్ళు:
బావగారూ, పెళ్ళికీ దీనికీ పోలిక లేదు. పెళ్ళిలో కొందరు ముహూర్తానికి వస్తారు, కొందరు భోజనం చేసి కవరిచ్చి వెళ్ళిపోతారు. మండపంలో ఏ వేళ చూసినా సగం జనమే. ఫ్యామిలీ డేలో అలా కాదు. లక్కీడ్రా చివర్లో పెడతారు కాబట్టి ఒక్కరూ కదలరు. డ్రా అవగానే పిల్లల్ని చంకనేసుకుని 1,200 మందీ ఒకేసారి తలుపు వైపు నడుస్తారు, క్యాబ్ రేటు పెరగకముందే బుక్ చేయాలని.

వాలంటీర్ గారూ, మీరు ఆపడంలో తప్పు లేదు. కానీ ఆ 1,200 ఎక్కడిది? హాలువాళ్ళు చెప్పేది ఖాళీ హాల్లో ఎన్ని కుర్చీలు పడతాయన్న లెక్క. మీరు అందులో స్టేజీ వేశారు, ఎల్ఈడీ గోడ నిలబెట్టారు, బఫే బల్లలు పెట్టారు. అడగాల్సింది ఎన్ని తలుపులు నిజంగా తెరుచుకుంటాయి అని. సాయంత్రం నాలుగింటికి నేనే ఒక్కో తలుపూ తోసి చూస్తాను. ఒకదాని వెనక కుర్చీల దొంతర ఉంటుంది, ఇంకోదాన్ని ఏసీ చల్లదనం పోతుందని గొలుసేసి కట్టేస్తారు.

ఇందిరానగర్ అక్క:
ఆ గొలుసు మాట తేలిగ్గా తీసుకోకండి. 2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్ మంటల్లో 9 మంది పోయారు. పొగకు తట్టుకోలేక కిటికీల్లోంచి దూకినవాళ్ళూ ఉన్నారు. అది ఈవెంట్ కూడా కాదు, మామూలు ఆఫీసు రోజు. ఇప్పటికీ ఏ హాలుకి వెళ్ళినా ముందు వెనక తలుపు ఎటుందో చూసుకుంటాను. మా పిల్లలు నవ్వుతారు.

హెబ్బాళ్ కుర్రాడు:
అందరూ లోపలి సంగతే మాట్లాడుతున్నారు. నేను అడిగేది ఒకటే: ఆపేసినవాళ్ళు ఎక్కడ నిలబడాలి?

2025 జూన్ 4 గుర్తు తెచ్చుకోండి. ముందురోజు రాత్రే మన బెంగళూరు జట్టు ఆర్‌సీబీకి 18వ సీజన్లో తొలి ఐపీఎల్ కప్పు వచ్చింది. చిన్నస్వామి స్టేడియంలో పట్టేది దాదాపు 35,000 మంది, వచ్చింది లక్షల్లో. ఊరేగింపు ఉందో లేదో, పాసులు ఎవరికో ఎవరికీ సరిగా తెలియదు. పోయిన 11 మంది నలిగింది గేట్ల దగ్గరే. గేటు మూస్తే లోపలివాళ్ళకు భద్రత. వెనక నుంచి వచ్చేవాడికి ముందు గేటు మూశారని తెలియదు, నెడుతూనే ఉంటాడు.

మారతహళ్ళి బావ:
ఇద్దరు ముసలివాళ్ళ మాటకి చిన్నస్వామి దాకా వెళ్ళాలా!

ఈవెంట్ల పనిలో 11 ఏళ్ళు:
వెళ్ళాలి. కుర్రాడు చెప్పిందే అసలు విషయం. పెద్ద క్యారమ్ బోర్డంత చోటులో, అంటే దాదాపు చదరపు మీటరులో, నలుగురుంటే ఇబ్బందిగానైనా కదలగలరు. ఆరుగురైతే మన కాళ్ళు మన మాట వినవు, జనం ఎటు ఊగితే అటు పోతాం. చాలామంది కిందపడి కాదు, నిలబడే ఊపిరాడక పోతారు. దీనికి లక్షల మంది అక్కర్లేదు, ఇరుకు దారి ఒకటి చాలు.

కార్పొరేట్ ఈవెంట్లలో ఆ ఇరుకు దారి ఎక్కడ తయారవుతుందో తెలుసా? రిటర్న్ గిఫ్ట్ కౌంటర్ దగ్గర. సరిగ్గా బయటికి పోయే తలుపు పక్కనే పెడతారు! స్టీలు బాటిల్ కోసం 200 మంది లైను, ఆ లైను చీల్చుకుని మిగతావాళ్ళు. నేనైతే గిఫ్ట్ వచ్చేటప్పుడే ఇచ్చేయమంటాను. "ముందే ఇస్తే తీసుకుని వెళ్ళిపోతారు" అంటారు హెచ్ఆర్ వాళ్ళు. వెళ్ళనివ్వండమ్మా, మంచిదేగా!

ఇంకోటి, పిల్లల చేతికి కాగితం బ్యాండు కట్టి లోపలివైపు తల్లి ఫోన్ నంబరు రాయండి. తప్పిపోయిన పిల్ల కోసం తల్లి జనానికి ఎదురు పరిగెత్తిందా, అక్కడే తొక్కిడి మొదలు.

చెన్నై నుంచి:
గేటు దగ్గర బౌన్సర్లను పెట్టకండి, అంతే. మా దగ్గర ఒకాయన మేనేజర్ వాళ్ళ అమ్మ మీదే అరిచాడు.

బెల్లందూరు వాలంటీర్:
కుర్రాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు పాసు లేక ఆగిపోయినవాళ్ళు ముప్ఫైమంది దాకా ఉంటారు. అందరూ మెట్ల మీదే నిలబడ్డారు, మేం అంబులెన్స్ కోసం వదిలిన దారిలో. నేను స్కానర్ చూసుకుంటున్నానే తప్ప వాళ్ళ వైపు తిరిగి చూడలేదు. గిఫ్ట్ కౌంటర్ తలుపు పక్కనే పెట్టింది కూడా మేమే.

డిసెంబర్‌లో మళ్ళీ ఉంది. ఫారంలో "ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారా" అని ఒక గడి పెట్టమన్నాను, ఒప్పుకున్నారు. బయట షామియానా, కుర్చీలు, కాఫీ, లోపలి ప్రోగ్రాం కనిపించేలా ఒక స్క్రీన్ అడిగాను. దానికి బడ్జెట్ లేదన్నారు. లక్కీడ్రాకి రెండు ఐఫోన్లు ఉన్నాయి.

మారతహళ్ళి బావ:
ఒక ఐఫోన్ తీసేయించవయ్యా. ముందు ఆ ఒంగోలు వాళ్ళింటికి వెళ్ళి రా, ఫోన్‌లో కాదు.