పెద్దవాళ్లు యాత్రలకు వెళ్లేది భక్తితోనా, ఇంట్లోంచి కాస్త బయటపడాలనా?

గోదారి కోడలు: మా అత్తగారికి డెబ్బై దగ్గర పడుతోంది. కార్తీకమాసంలో ఆర్టీసీ వాళ్లు వేసే పంచారామాల బస్సు ఎక్కుతానని పట్టుపట్టారు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అన్నీ ఒక్క రోజులోనే. ఇంట్లో మెట్లెక్కితేనే ఆయాసపడతారు. మా ఆయనకి టెన్షన్, వద్దంటున్నారు. ఇంత కష్టపడి వెళ్లడం దేవుడి కోసమేనా? మీ ఇళ్లల్లో ఎలా ఉంది?

మాస్టారు, గుంటూరు: భక్తేనమ్మా, సందేహం ఎందుకు? కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని వెళ్లేవాళ్లూ, గయలో తల్లిదండ్రులకి పిండం పెట్టి వచ్చేవాళ్లూ షికారుకు వెళ్తున్నారా? అదొక బాధ్యత. దాన్ని విహారయాత్ర అనకండి.

బెజవాడ అమ్మాయి: మాస్టారూ, మీ మాట కాదనను గానీ సగమే చెప్పారు. మా అమ్మ ఎక్కిన యాత్ర బస్సులో వంటవాళ్లు గ్యాస్ పొయ్యిలతో సహా వెంటే వచ్చారు. పొద్దున్నే వేడి ఉప్మా ప్లేటు చేతికిస్తే, పెళ్లయిన దగ్గర్నుంచీ పొద్దున లేవగానే పొయ్యి దగ్గరికే వెళ్లిన మనిషి ఆ ప్లేటు పట్టుకుని కిటికీ పక్క సీట్లో ఆరాముగా కూర్చుని తిన్నదట, ఇంటికొచ్చాక గుళ్ల గురించి ఎంత చెప్పిందో దాని గురించీ అంతే చెప్పింది. మన ఇళ్లల్లో ఒక పెద్దావిడ "నాకు ఊరికే తిరిగి రావాలనుంది" అంటే ఈ వయసులో నీకెందుకంటాం, అదే కాశీ అంటే నోరెత్తం. అందుకే కోరిక ఏదైనా యాత్ర పేరుతోనే బయటికొస్తుంది. భక్తి అబద్ధమని అనడం లేదు, రెండూ కలిసే ఉంటాయి. ఇంకోటి, కాళ్లు ఆడుతున్నప్పుడే చూసి రావాలన్న తొందర. అది మనకి అర్థం కాదు, ఎందుకంటే మనం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోగలం.

ఓరుగల్లు: మీరిద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. మా దగ్గర 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక, మా వాడకట్టులో ఎన్నడూ ఊరు దాటని అవ్వలు కూడా వేములవాడ, యాదగిరిగుట్ట పోయి వస్తున్నారు. అంటే కోరిక ఎప్పటి నుంచో ఉంది, చార్జీకి కొడుకును అడగలేక ఆగిపోయారు. రైళ్లలో పరిస్థితి వేరు. అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది, 2020 మార్చిలో తీసేశారు. పింఛను లేని ముసలివాళ్లకు అది చాలా పెద్ద దెబ్బ, దీని గురించి గట్టిగా అడిగేవాళ్లే లేరు.

గోదారి కోడలు: ఇవన్నీ చదివాక అత్తగారినే అడిగాను. ఎదురింటి పిన్నిగారూ, ఆవిడ చెల్లెలూ వస్తేనే వెళ్తారట, వాళ్లు రాకపోతే వచ్చే కార్తీకం చూద్దామన్నారు! డాక్టరుకి చూపించి పంపిద్దామని మా ఆయన్ని ఒప్పిస్తున్నాను.

మాస్టారు, గుంటూరు: మంచిది, పంపండి. కానీ ఆ ముగ్గురూ చలిలో తెల్లవారుజామునే తలస్నానం చేసి, ఉపవాసంతోనే దర్శనానికి నిలబడతారు. తోడు కోసమే అయితే ఎదురింటి అరుగు చాలదా? నేను మాత్రం భక్తే అంటాను.