అంటార్కిటికా సముద్రపు మంచును తగ్గించింది గాలా, నీళ్లా?

నీటిలోతు:
2014 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. ఉపగ్రహాల లెక్కలు మొదలైన 1979 నుంచి అంత విస్తీర్ణం ఎప్పుడూ లేదు. రెండేళ్లు తిరిగేసరికి, 2016 చివర్లో, ఒక్కసారిగా పడిపోయింది. 2023 ఫిబ్రవరిలో, అంటే అక్కడి వేసవి చివర, 17.9 లక్షలకు దిగింది. అదే ఏడాది చలికాలంలో గడ్డకట్టిందంతా కలిపినా 1 కోటి 70 లక్షలు కాలేదు. చాలామంది ఇదంతా గాలుల పనే అంటున్నారు. మొదటి దెబ్బ గాలిదే కావచ్చు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కోలుకోనివ్వనిది మాత్రం కింద ఉన్న వెచ్చటి నీళ్లని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

పడమటిగాలి:
కాదనేవాణ్ని నేనున్నాను. 2016 నవంబరు నాటికి, అంటే అక్కడి వసంతంలో, ఖండం చుట్టూ తిరిగే పడమటి గాలులు బాగా బలహీనపడ్డాయి. కొన్ని చోట్ల ఉత్తరం నుంచి వెచ్చటి గాలి నేరుగా మంచు మీదికి వచ్చింది. అక్కడి సముద్రపు మంచు చాలా చోట్ల మీటరు మందం కూడా ఉండదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఇది కొత్త సంగతేం కాదు. 1893-96లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఫ్రామ్ నౌకను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి దానితో పాటు కొట్టుకుపోయినప్పుడే, మంచు గాలివాటుకి కాస్త కుడిపక్కగా జరగడం గమనించాడు. 1905లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ దానికి లెక్క కట్టాడు. ఇక 2022 ఫిబ్రవరిలో మంచు 20 లక్షల కిందికి దిగినప్పుడు పశ్చిమ అంటార్కిటికా పక్కనున్న అముండ్సెన్ సముద్రం మీద అల్పపీడనం తీవ్రంగా ఉంది. ప్రతి రికార్డు వెనకా గాలి కనిపిస్తుంటే నీళ్లను ఎందుకు లాగడం?

నీటిలోతు:
చిక్కంతా మీరు చెప్పినదాంట్లోనే ఉంది. 2016లో పడమటి గాలులు బలహీనపడ్డాయి, మంచు తగ్గింది. 2022 నాటికి అవే గాలులు బలంగా ఉన్నాయి, అయినా తగ్గింది. అంతకుముందు ఇలాంటి బలమైన గాలులే మంచును పెంచాయని మీవాళ్లే అనేవాళ్లు.

ఎక్‌మన్ పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. దక్షిణార్ధగోళంలో పైపొర నీళ్లు గాలికి ఎడమపక్కగా కదులుతాయి. అంటే పడమటి గాలి వీస్తే చల్లటి పైనీళ్లు ఉత్తరానికి పోతాయి, వాటితో పాటు మంచూ పరుచుకుంటుంది. ఇది నెలల్లో కనిపించే ఫలితం. కానీ పైనుంచి పోయిన నీళ్ల చోటు ఖాళీగా ఉండదు కదా, కింది నీళ్లు పైకి వస్తాయి. అవి సున్నా డిగ్రీల కంటే వెచ్చన. సముద్రపు నీరు గడ్డకట్టేది దాదాపు మైనస్ 1.8 దగ్గర. గాలి అలాగే ఏళ్లపాటు వీస్తే ఆ వేడి మెల్లగా పైపొరకు చేరుతుంది. మొదట మంచును పెంచిన గాలే తర్వాత తగ్గిస్తుంది. గాలిని ఒక్కదాన్నే చూస్తే ఈ రెండు దశలూ అర్థం కావు.

ఆ వేడి ఇన్నాళ్లూ పైకి ఎందుకు రాలేదంటే, ఉప్పు వల్ల. ధ్రువ సముద్రాల్లో నీరు అంత చల్లగా ఉన్నప్పుడు దాని బరువును తేల్చేది ఉష్ణోగ్రత కాదు, ఉప్పే. పైన ఉప్పు తక్కువున్న చల్లటి పొర మూతలా కూర్చుంటుంది. దాదాపు 2015 నుంచి దక్షిణ మహాసముద్రంలో ఆ పైపొర ఉప్పు పెరుగుతోందని ఉపగ్రహాలు చూపిస్తున్నాయి. మూత పలచబడుతోందన్నమాట.

పడమటిగాలి:
ఖండం చుట్టూ సగటు తీసి గాలులు బలంగా ఉన్నాయి, బలహీనంగా ఉన్నాయి అనడమే తప్పు. అముండ్సెన్ అల్పపీడనానికి తూర్పున గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, బెల్లింగ్‌షౌజెన్ సముద్రంలో మంచు కరుగుతుంది. పడమటన రాస్ సముద్రంలో దక్షిణం నుంచి వీచి మంచును బయటికి తోస్తుంది. చలికాలమైతే ఆ ఖాళీలో కొత్త మంచు కడుతుంది. వసంతంలోనైతే అదే ఖాళీలో ఎండ పడి నీళ్లు వేడెక్కుతాయి. ఒకే గాలి, చోటును బట్టి, నెలను బట్టి వేరువేరు ఫలితాలు. దీనికి మీ లోతు నీళ్ల అవసరం లేదు.

ఉప్పుగాలి:
ఎండ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. హిమం కప్పిన మంచు ఎండలో 80 శాతం పైగా వెనక్కి తిప్పి పంపుతుంది, ఖాళీ నీళ్లు 90 శాతం పైగా మింగేస్తాయి. ఆ వేడి వల్ల గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కాకపోతే చలికాలంలో ఖాళీ నీళ్లు ఆ వేడిని గాలిలోకి అంతే వేగంగా వదిలేస్తాయి. పైపొర జ్ఞాపకం నెలలదే. కాబట్టి వరసగా ఇన్నేళ్ల లోటుకు ఎండ చాలదు. ఇక్కడ నీటిలోతు గారి వైపే మొగ్గుతాను.

కొత్తగా చేరాను:
చిన్న సందేహమండి. మంచు కింద నీళ్ల వేడి, ఉప్పు ఎలా కొలుస్తారు? ఉపగ్రహం అక్కడి వరకు చూడలేదు కదా?

నీటిలోతు:
మంచి ప్రశ్న. ఆర్గో అనే తేలే పరికరాలు నీళ్లలో పైకీ కిందికీ తిరుగుతూ కొలుస్తాయి. పైన మంచు ఉందనిపిస్తే బయటికి రాకుండా వెనక్కి దిగి, కొలతలు దాచుకుని, మంచు విడిచాక పంపుతాయి. ఇంకా తమాషా ఏమిటంటే, ఎలిఫెంట్ సీల్స్ తలకు చిన్న పరికరం అంటించి వదిలితే వేటకు మునిగినప్పుడల్లా అవే కొలుచుకొస్తాయి. చలికాలపు సమాచారంలో మంచి భాగం వాటి పుణ్యమే.

పడమటిగాలి:
సీల్స్‌కి నమస్కారం. కానీ ఆ కొలతలు ఈ శతాబ్దానివే. 1974 నుంచి 1976 వరకు మూడు చలికాలాలు అంటార్కిటికా పక్కనున్న వెడ్డెల్ సముద్రంలో దాదాపు రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మేర మంచే కట్టలేదు. లోతు నీళ్ల వేడి పైకి రావడం వల్లే అది తెరుచుకుందని నేనూ ఒప్పుకుంటాను. తర్వాత మూసుకుపోయింది, మళ్లీ అంత పెద్దది రాలేదు. అప్పుడు కుదురుకున్న మూత ఇప్పుడు మాత్రం ఎందుకు కుదురుకోదు?

నీటిలోతు:
అది ఒక్క మూల జరిగింది, ఇది ఖండం చుట్టూ జరుగుతోంది. అయినా పందెం తేలిగ్గా తేల్చుకోవచ్చు. పైపొర ఉప్పు ఇప్పుడున్నంతా ఉండి, గాలులు మారినందువల్లే మంచు 2014 స్థాయికి తిరిగొస్తే మీదే గెలుపు. ఉప్పు తగ్గాకే మంచు పెరిగితే నాది.

పడమటిగాలి:
ఒక షరతు. ఒక్క ఏడాది పెరిగిందని మీరు గానీ నేను గానీ ఎగరకూడదు, కనీసం ఐదు చలికాలాలు చూడాలి. మంచు పెరిగితే కరిగే నీళ్లతో ఉప్పు దానంతటదే తగ్గొచ్చు, అప్పుడు ఏది ముందు అన్న గొడవ మళ్లీ మొదటికొస్తుంది. నెలవారీ కొలతలతోనే తేల్చాలి.