రెక్కల కొసన జెట్‌లతో ఒక్కరు ఎగిరే హెలికాప్టర్: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

హనుమకొండ_లేత్:
మేడారం జాతరకు వెళ్లే హెలికాప్టర్‌ను చూసినప్పటి నుంచి ఇదే ధ్యాస. ఒక్క మనిషి కూర్చునేది, రెక్కల కొసల్లో చిన్న జెట్‌లు. రోటర్ (పైన తిరిగే రెక్కలు) కొసల నుంచే తిరుగుతుంది కాబట్టి బాడీ ఎదురు తిరగదు, బరువైన గేర్‌బాక్స్ అక్కర్లేదు. లేత్, వెల్డింగ్ నాకు వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాజీపేట_మెకానికల్:
పొలంలో తిరిగే స్ప్రింక్లర్ సూత్రమే అన్నా. అమెరికాలో హిల్లర్ హార్నెట్ అనే హెలికాప్టర్ 1950లోనే ఇలా ఎగిరింది, కొసల్లో రామ్‌జెట్‌లతో (ఎదురుగాలి ఒత్తిడితోనే పనిచేసే జెట్‌లు). గాలి వేగంగా లోపలికి దూరితే తప్ప రామ్‌జెట్ అంటుకోదు, అందుకే ముందు రోటర్‌ను వేరే ఇంజిన్‌తో తిప్పాలి. ఇంధనం విపరీతంగా తాగేది, చప్పుడూ ఎక్కువే.

కరీంనగర్_ఫిట్టర్:
తమ్ముడూ, ముందు లెక్క వేసుకో. ఇరుసు నుంచి 3.5 మీటర్ల దూరంలో కొస సెకనుకు 180 మీటర్ల వేగంతో తిరిగితే, అక్కడున్న ఒక్కో కిలో దాదాపు 940 కిలోల బరువై బయటికి లాగుతుంది. 5 కిలోల జెట్ అంటే 4.7 టన్నులు. నేను మీటరు పొడవు పైపుకు రెండు నాజిల్‌లు పెట్టి, బోరు బండి కంప్రెసర్ గాలితో తిప్పాను. రెండు వైపులా బరువులో 40 గ్రాముల తేడా ఉందని తర్వాత తెలిసింది. స్టాండు ఊగి ఊగి పక్కకు జరిగింది, వెల్డు తెగి ఒక నాజిల్ గోడలో దిగబడింది. అప్పుడు మా చిన్నోడు గుమ్మంలో ఉన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

మంచిర్యాల_వింగ్:
కొసన మంట పెట్టకుండానే చేయొచ్చు. ఫ్రాన్స్ వాళ్ల జిన్ అనే హెలికాప్టర్ 1953లో ఎగిరింది. బాడీలో ఉన్న టర్బైన్ గాలిని నొక్కి, బోలుగా ఉన్న రెక్కల గుండా కొసలకు పంపేది. వందకు పైగా తయారయ్యాయి. కొసన బరువు లేకపోతే ఫిట్టర్ అన్న చెప్పిన లాగుడు చాలా తగ్గుతుంది. ఆగిపోయిన రామ్‌జెట్‌లైతే గాలికి అడ్డుపడతాయి, ఇంజిన్ ఆగినప్పుడు రోటర్ తిరుగుతూ నెమ్మదిగా దిగడమూ కష్టమే.

ఆదిలాబాద్_రైతు:
మా పక్కనే యవత్మాల్ జిల్లాలో 2021లో ఒక అబ్బాయి సొంతంగా చేసిన హెలికాప్టర్‌ను నేల మీదే పరీక్షిస్తుంటే బ్లేడు విరిగి తగిలి చనిపోయాడు. దయచేసి అందులో కూర్చోవద్దు తమ్ముడూ. ఎగరాలంటే డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన సంస్థ) అనుమతి కూడా కావాలి.

హనుమకొండ_లేత్:
అందరికీ థాంక్స్. సీటు ఇప్పుడు పెట్టను. గొయ్యి తీసి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, చల్లగాలితోనే తిప్పుతా, స్విచ్ దూరంగా ఉంటుంది. రెక్కలు తూచడానికి గ్రాము తేడా చూపే పెద్ద కాటా ఎవరి దగ్గరైనా ఉందా? వరంగల్ చుట్టుపక్కల ఎక్కడికైనా వస్తా.

కరీంనగర్_ఫిట్టర్:
నా దగ్గర ఉంది, ఆదివారం రా. మొత్తం బరువు ఒక్కటే చాలదు, ప్రతి రెక్కనూ కత్తి అంచు మీద నిలబెట్టి బరువు మధ్యబిందువు ఎక్కడుందో కూడా చూద్దాం.