డేటా పోకుండా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఇంకో పార్టిషన్ తీయడం ఎట్టా?

కావలి_స్టూడియో:
2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్. మొత్తం ఒకటే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) పార్టిషన్, విండోస్‌లో 1863 జీబీ చూపిస్తుంది. పెళ్లి ఫోటోలు, వీడియోలు కలిపి 1150 జీబీ ఉన్నాయి. ఆల్బమ్ డిజైనర్‌ది మ్యాక్. అందులో ఈ డిస్క్ తెరుచుకుంటుంది గానీ ఏమీ సేవ్ కావట్లా. 500 జీబీ విడదీసి ఎక్స్‌ఫ్యాట్ (విండోస్, మ్యాక్ రెండూ రాయగల ఫార్మాట్) చేద్దామంటే, పార్టిషన్ తగ్గించే ష్రింక్ వాల్యూమ్ 93 జీబీకి మించి ఇవ్వనంటోంది. 700 పైన ఖాళీ ఉంది కదా! ఫార్మాట్ కొట్టకుండా దారుందా అన్నా?

ఒంగోలు_డిస్క్‌వాలా:
ఖాళీ ఎంతుందని కాదు, ఎక్కడుందని చూడాలి. విండోస్ పార్టిషన్‌ని చివరి నుంచే కోస్తుంది. ఆ చివర కదపరాని ఫైలు ఒక్కటి అడ్డంగా ఉన్నా అక్కడే ఆగిపోతుంది. అదేదో తెలియాలంటే ష్రింక్ ప్రయత్నించిన వెంటనే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ తెరిచి 259 నంబరు ఎంట్రీ చూడు. ఫైలు పేరు అందులోనే ఉంటుంది.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఉంటే అవి పాత రిస్టోర్ పాయింట్లు, అంటే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకున్న కాపీలు. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో ఆ డ్రైవ్‌కి ఉన్నవి డిలీట్ చేసి, ఆఫ్ చెయ్యి. తర్వాత డ్రైవ్ ప్రాపర్టీస్, టూల్స్, చెక్. ఆపైన అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డీఫ్రాగ్‌ని స్లాష్ ఎక్స్‌తో నడిపితే ఖాళీ అంతా ఒకచోటికి చేరుతుంది. మళ్లీ ష్రింక్ చేసేటప్పుడు ఆ పెట్టెలో 512000 కొట్టాలి. అది ఎంబీ లెక్క, 500 అని కొడితే అర జీబీ వస్తుంది.

డాలర్ ఎంఎఫ్‌టీ (డిస్క్‌లోని ఫైళ్ల పట్టిక) అని ఉంటే మాత్రం విండోస్‌తో కాదు. పెన్ డ్రైవ్ నుంచి జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ బూట్ చేసి కుడి అంచు మాత్రమే లోపలికి జరపాలి. ఎడమ అంచు ముట్టుకోవద్దు. అది కదిలితే 1150 జీబీ మొత్తం కొత్త చోటికి రాయాలి, గంటలు పడుతుంది, మధ్యలో ఆగితే డేటా గోవిందా.

నెల్లూరు_హార్డ్‌వేర్:
వీటన్నిటికంటే ముందు డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి సీ5 వరుస చూడండి. అక్కడ సున్నా కాకపోతే చదవలేని సెక్టార్లు ఉన్నట్టే. ష్రింక్, డీఫ్రాగ్ ఏవీ వద్దు, ముందు కాపీ తీయండి. డిస్క్ బాగుంటే ల్యాప్‌టాప్‌లో, హబ్ లేకుండా నేరుగా పోర్టుకి పెట్టండి, స్లీప్ ఆపేయండి. ఎండాకాలం మన కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోవద్దు.

అసలు కస్టమర్ల ఫోటోలు ఒక్క డిస్క్‌లోనే ఉండటం నాకు నచ్చలా. సెకనుకు 100 ఎంబీ చొప్పున 1150 జీబీ కాపీకి మూడుంబావు గంటలు. ఇంకో డిస్క్ తెచ్చి, ముందు కాపీ తీసి, అప్పుడు కోయండి. ఒరిజినల్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉంచండి. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు, ఎజెక్ట్ చేయకుండా పీకితే త్వరగా పాడవుతుంది.

కావలి_స్టూడియో:
259లో రిస్టోర్ పాయింట్లే ఉన్నాయన్నా. కాపీ తీశాకే మొదలుపెడతా. ఈ 500 మళ్లీ కలపాలంటే?

ఒంగోలు_డిస్క్‌వాలా:
అందులోవి బయటికి తీసి, డిలీట్ వాల్యూమ్ కొట్టి, ఎడమ పక్క పాతదాని మీద ఎక్స్‌టెండ్. కుడి పక్కనే ఆనుకుని ఉంది కాబట్టి నిమిషంలో అయిపోతుంది. డిలీట్ కొట్టేముందు సైజు రెండుసార్లు చూసుకో.